సెయింట్ అగస్టీను

ఉత్తర ఆఫ్రికాలో, నేటి అల్జీరియా దేశమునందు, పూర్వము తగాస్తె అను చిన్న పట్టణముండెను. ఆనాడది రోమను సామ్రాజ్యములోనిది. క్రీ.శ. 354వ సంవత్సరము నవంబరు 13వ తేదీన అగస్టీను అచ్చట జన్మించెను. తండ్రి పత్రీసియసు స్వల్పమైన భూవసతి గల గృహస్థుడు. తల్లి మోనికా పరమభక్తురాలు. క్రీస్తు నామమును ఉగ్గుపాలతోడనే కుమారునకు అలవరచినది ఆమెయే.

చదువునకై కుమారుడు కార్తేజి నగరమునకు పోయెను. అచ్చట అలంకారశాస్త్రమునందు ప్రావీణ్యము అలవడెను. దానివెంట భోగలాలసయు అలవడెను. వివాహము లేకయే ఒక స్త్రీతో కాపురము చేయగా వారికి అదెయోదాతుసు అను కుమారుడు కలిగెను. పందొమ్మిదవ యేట సిసెరో వ్రాసిన హోర్తెన్సియసు అను గ్రంథము అగస్టీను చేతికి వచ్చెను. జ్ఞానాన్వేషణకు పురికొల్పు ఆ గ్రంథమును చదువగా ఆయన హృదయము రగుల్కొనెను. ధనము, కీర్తి తుచ్ఛములని తోచెను. కాని బాల్యమున విన్న క్రీస్తు నామము అందు లేదు. ఆ వెలితి తీర్చుకొనుటకు ఆయన బైబిలును చేపట్టెను.

బైబిలు ఆయనకు రుచింపలేదు. ఆనాటి లాటిను అనువాదములు మోటుగా నుండెను. సిసెరో వాక్యగాంభీర్యమునకు అలవడిన చెవికి జాలరుల కథలు, గొఱ్ఱెలకాపరుల కథలు పామరుల మాటలవలె వినిపించెను. లోపము గ్రంథమునందు గాక తన గర్వమునందే యుండెనని చాలకాలమునకు గాని ఆయన తెలిసికొనలేదు. పాండిత్యము భక్తికి అడ్డుగోడ యగుట మన దేశమునను ఎరుగనిది కాదు.

గ్రంథమును మూసివేసి, సర్వమును యుక్తిచే నిరూపింతుమని చెప్పెడి మానీ మతస్థులతో ఆయన సుమారు తొమ్మిది సంవత్సరములు గడపెను. తల్లి రేయింబవళ్ళు కన్నీటితో ప్రార్థించుచునే యుండెను. ఆయన 383లో రోము నగరమునకును, మరుసటి సంవత్సరము మిలాను నగరమునకును ఉపాధ్యాయుడుగా పోయెను. మిలానులో అంబ్రోసు అను ధర్మాధ్యక్షుడు గొప్ప వక్త. అగస్టీను ఆయన వాక్చాతుర్యమును పరీక్షించుటకై పోయెను. కాని మాటలవెంట భావమును లోనికి ప్రవేశించెను. తాను అపహసించిన పాత నిబంధన కథలకు లోతైన ఆధ్యాత్మికార్థము కలదని అంబ్రోసు బోధించుచుండెను.

బుద్ధి అంగీకరించినను ఇంద్రియములు అంగీకరింపలేదు. గొప్ప యింటి సంబంధము కుదిరినదని, పెక్కు సంవత్సరములు తనతో కాపురము చేసిన స్త్రీని ఆయన ఆఫ్రికాకు పంపివేసెను. ఆమె పేరునైనను ఎచ్చటను వ్రాయలేదు. ఈ మహనీయుని చరిత్రలో మనస్సును నొప్పించు ఘట్టమిది. పెండ్లికూతురు యుక్తవయస్సునకు వచ్చువరకు ఆగలేక మరియొక స్త్రీని చేరదీసెను.

386వ సంవత్సరమున, ఈజిప్టు ఎడారిలోని ఆంటోనీ అను సన్న్యాసి వైరాగ్యమును గూర్చి ఒక అతిథి చెప్పగా విని అగస్టీను కలత చెందెను. తోటలోనికి పోయి ఒక అత్తిచెట్టు క్రింద పడి విలపించుచుండగా, గ్రంథమును తీసి చదువుమని పొరుగింటి నుండి ఒక పసికంఠము పాడుచున్నట్లు వినిపించెను. పౌలు పత్రికలు దగ్గరనే యుండెను. తెరచినచోట కామమును, మత్తును విడిచి క్రీస్తును ధరింపవలెనను బోధ కనబడెను. అంతటితో సందేహము తొలగెను.

ఒక్క గడియలో మనస్సు మారినను సాధన ఒక్క గడియలో ముగియదు. ఉద్యోగమును వదలి, తల్లితోను మిత్రులతోను ఒక పల్లెటింట నివసించుచు ఆయన దావీదు కీర్తనలను ప్రార్థనగా చదువసాగెను. ఏ గ్రంథమును ముందు చదువవలెనని అంబ్రోసును అడుగగా ఆయన యెషయా ప్రవచనములను సూచించెను. మొదటి భాగమే బోధపడలేదు. ఇంకను పరిపక్వత రావలెనని అగస్టీను దానిని ప్రక్కన పెట్టెను. పండ్రెండేండ్ల క్రితము అర్థముకాని గ్రంథమును తక్కువదిగా తలచినవాడు ఇప్పుడు తననే తక్కువవానిగా తలచెను.

387లో ఈస్టరు పండుగనాడు అంబ్రోసు ఆయనకును, ఆయన కుమారునకును బాప్తిస్మమిచ్చెను. ఆ యేటనే మోనికా ఓస్తియా రేవుపట్టణమున దేహము చాలించెను. మరుసటి యేడు ఆయన స్వదేశము చేరెను. కొలదికాలములో కుమారుడును మరణించెను. 391లో హిప్పో నగరమునకు పోగా ప్రజలు ఆయనను పట్టుకొని బలవంతముగా గురువుగా నిలిపిరి. అపుడాయన కన్నీరు కార్చెను. తన మోక్షమునకు చాలిన శాస్త్రజ్ఞానము పరుల సేవకు చాలదని తలచి, ప్రార్థించుచు గ్రంథమును అధ్యయనము చేయుటకు ఈస్టరు వరకు వ్యవధి నిమ్మని వృద్ధ ధర్మాధ్యక్షుడగు వలేరియసునకు ఉత్తరము వ్రాసెను. రాజధానిలో ఆచార్యుడుగా నుండినవాడు ముప్పదియారవ యేట మరల విద్యార్థి యయ్యెను.

కొలది సంవత్సరములలో తానే ధర్మాధ్యక్షుడై, కీర్తనలు నూట యేబదింటికిని వ్యాఖ్యానము చేసెను. దైవప్రేమను, పొరుగువానియందలి ప్రేమను పెంపొందింపని వ్యాఖ్య గ్రంథార్థమును అందుకొననట్లే యని ఆయన సిద్ధాంతము. అయినను దోనతీయులను చీలిక సంఘమువారిపై రాజశాసనమును ప్రయోగించుటకు సువార్తలోని విందు ఉపమానమునే ఆధారముగా చూపెను. తన సూత్రమును తానే దాటిన సందర్భమిది. ప్రోబా అను విధవరాలికి వ్రాసిన లేఖలో, ప్రార్థన భగవంతునకు మన కోరికలను తెలుపుటకు గాక, ఆయన యిచ్చుదానిని అందుకొనునట్లు హృదయమును విశాలము చేయుటకేయని వివరించెను.

430లో వాండలులు హిప్పోను ముట్టడించిరి. జ్వరపీడితుడైన అగస్టీను పశ్చాత్తాప కీర్తనలను వ్రాయించి, శయ్యకు ఎదురుగా గోడపై నుంచుకొని, కన్నీటితో చదువుచుండెను. వైద్యులు, ఆహారము తెచ్చువారు తప్ప ఎవరును లోనికి రాకూడదని కోరి, పది దినములు ప్రార్థనలోనే గడపి, ఆగస్టు 28న దేహమును విడిచెను. వీలునామా వ్రాయుటకు ఆస్తి యేదియు లేదు. గ్రంథములను మాత్రము జాగ్రత్తగా కాపాడుడని చెప్పెను.