ఆచార్య పంచానన మహేశ్వరి: వృక్షశాస్త్ర బోధన

ఇరువదవ శతాబ్దమున భారతదేశమునందలి వృక్షశాస్త్రమునకు అంతర్జాతీయ ఖ్యాతి నార్జించిన ఆచార్యులలో పంచానన మహేశ్వరి ఒకడు. ఆవృతబీజముల పిండోత్పత్తిని గూర్చి ఆయన చేసిన పరిశోధనలు లోకవిదితములు. ఆ పరిశోధనలకు ఆధారమైన విద్యాశాఖలను ఆయన నిర్మించిన విధము అంతగా విదితము కాదు. ఒక విశ్వవిద్యాలయమున వృక్షశాస్త్రము బి.ఎస్సీ. తరగతులనుండి పరిశోధన వరకు ఏకధారగా ఎట్లు పెరుగవలెనో తెలిసికొనుటకు ఆయన జీవితము చక్కని నిదర్శనము.

మహేశ్వరి 1904వ సంవత్సరము నవంబరు 9వ తేదీన జయపురమున జన్మించెను. ఉన్నత విద్యకై అలహాబాదు చేరి, అచటి యూయింగు క్రిస్టియన్ కళాశాలలో విన్‌ఫీల్డ్ డడ్జన్ అను అమెరికను ఆచార్యునివద్ద వృక్షశాస్త్రము నభ్యసించెను. 1927లో ఎం.ఎస్సీ. పట్టమును, 1931లో డి.ఎస్సీ. పట్టమును పొందెను. పిండోత్పత్తి శాస్త్రముపై ఆయనకు అభిరుచి కలిగించినవాడు డడ్జన్. గురుఋణము నెట్లు తీర్చుకొనగలనని శిష్యుడడుగగా, తాను అతనికి చేసినదానిని అతడు తన శిష్యులకు చేసిన చాలునని గురువు సమాధానము చెప్పెనని ప్రతీతి. తరువాతి నాలుగు దశాబ్దముల మహేశ్వరి కృషి యంతయు ఈ ఋణవిమోచనమే యనవచ్చును.

ఆయన ఉద్యోగ జీవితము ఆగ్రా కళాశాలలో ప్రారంభమయ్యెను. పిండోత్పత్తి శాస్త్రము వినికిడివలన వచ్చు విద్య కాదు. పువ్వులోని అండమును తగిన దశలో సేకరించి, రసాయనద్రవమున స్థిరపరచి, మైనములో పొదిగి, మైక్రోటోముతో మిక్కిలి పలుచని పొరలుగా కోసి, రంగులద్ది, సూక్ష్మదర్శినిక్రింద పరీక్షింపవలెను. ఒక్క దశ తప్పినను పిండకోశ వికాసక్రమము బోధపడదు. సాధన సంపత్తి కొరవడిన ఆ తొలిదినములలో గాజుపలకలు సిద్ధపరచుటలో భార్య శాంతి ఆయనకు తోడ్పడెను. ఆగ్రాలో శిష్యుడైన బి. ఎం. జోహ్రి తరువాత ఢిల్లీలో ఆయనకు సహోద్యోగి యయ్యెను. భవనములకంటె ముందుగా మనుష్యులను సమకూర్చుకొనుట ఆయన పద్ధతి.

1939లో మహేశ్వరి ఢాకా విశ్వవిద్యాలయమున చేరి, క్రొత్తగా ఏర్పడిన జీవశాస్త్ర శాఖను తీర్చిదిద్దు భారము వహించెను. క్రొత్త శాఖయన్నచో పాఠ్యప్రణాళిక మాత్రమే కాదు. ప్రయోగశాలయు, నమూనాల సంగ్రహమును, గ్రంథములును, వానిని వాడుకొనగల ఉపాధ్యాయులును అన్నియు ఒక్కమారుగా కావలసియుండును. ఎనిమిదేండ్ల కృషి ఫలించుచుండగా 1947లో దేశవిభజన జరిగెను. 1949లో ఢిల్లీ విశ్వవిద్యాలయోపాధ్యక్షుడు సర్ మారిస్ గ్వయర్ ఆహ్వానముపై ఆయన ఢాకాను వీడి, ఢిల్లీలో వృక్షశాస్త్ర శాఖాధ్యక్షుడయ్యెను. నలువది యైదేండ్ల వయస్సున పెంచిన తోటను వదలి వేరొక నేలలో మరల విత్తనము వేయవలసి వచ్చెను.

ఢిల్లీలో ఆయన అవలంబించిన మార్గము పరిశీలింపదగినది. పిండోత్పత్తి శాస్త్రము నొక్కదానినే పట్టుకొనక, వృక్షశరీర నిర్మాణము, శరీరధర్మశాస్త్రము, కణజాల వర్ధనము మున్నగు శాఖలను దానితో జోడించెను. మైసూరు మొదలైన ప్రాంతములనుండి కూడ యువకులు వచ్చి చేరిరి, ఎన్. ఎస్. రంగస్వామి, హెచ్. వై. మోహనరాం అట్టివారు. 1960వ దశకమున ఈ శాఖకు విశ్వవిద్యాలయ ధనసహాయ సంఘము ఉన్నతాధ్యయన కేంద్రముగా గుర్తింపు నిచ్చెను.

1950లో ఆవృతబీజ పిండోత్పత్తి శాస్త్రమునకు పరిచయ గ్రంథముగా ఆయన రచించిన పుస్తకము అమెరికాలో వెలువడెను. పరస్పరము విడివిడిగా పడియున్న పరిశోధన ఫలితములను అది క్రమపరచెను. పిండకోశము ఒక స్థూలసిద్ధబీజమునుండి వచ్చునా, రెండింటినుండియా, నాలుగింటినుండియా అను భేదమును బట్టి చేసిన వర్గీకరణము నేటికిని డిగ్రీ విద్యార్థుల పాఠములలో కనబడును. 1951లో ఆయన వృక్షస్వరూప శాస్త్రజ్ఞుల అంతర్జాతీయ సంఘమును స్థాపించి, ఫైటోమార్ఫాలజీ అను పత్రికను నడపెను. ఢిల్లీ ప్రయోగశాలలో కూర్చున్న విద్యార్థికి ప్రపంచమునందలి పరిశోధన దీనివలన చేరువయ్యెను.

ఈ వైభవమునకు ఒక ప్రమాదమును లేకపోలేదు. ఒక కుటుంబము తరువాత మరియొక కుటుంబమును తీసికొని, దాని పిండకోశమును వర్ణించి పట్టము పొందుట సులభ మార్గము కాజొచ్చెను. వర్ణన ఎంత నిర్దుష్టమైనను, కారణ మన్వేషింపని శాస్త్రము అచటనే ఆగిపోవును. ఆయన శాఖ ఆ మార్గముననే నిలిచిపోక ప్రయోగాత్మక పద్ధతివైపు మరలెను. 1962లో కుసుం కాంతా, రంగస్వామి, మహేశ్వరి కలసి, నల్లమందు మొక్కయొక్క అండములను పరాగరేణువులతోకూడ పరీక్షనాళికలో నుంచి ఫలదీకరణము జరిపిరి. 1964లో శిప్రా గుహ, మహేశ్వరి ఉమ్మెత్త జాతి పరాగకోశములను పోషకద్రవ్యముపై పెంచి, పరాగరేణువులనుండియే పిండములను పొందిరి. ఇట్టి మొక్కలకు రెండు వరుసల క్రోమోసోములకు బదులు ఒక్క వరుస మాత్రమే యుండును. ఆ వరుసను రెట్టింపు చేసినచో శుద్ధవంశములు వెంటనే లభించును. పలు తరములు స్వపరాగసంపర్కము జరుపవలసిన శ్రమ దీనివలన తగ్గును. సస్యాభివృద్ధికారులకు ఇది పెన్నిధి యయ్యెను.

కళాశాలకు వచ్చు విద్యార్థి ముందుగా పాఠశాలలో సిద్ధపడవలెనని ఆయన గుర్తించెను. జాతీయ విద్యా పరిశోధన శిక్షణ మండలి ఉన్నత పాఠశాలలకై 1964లో వెలువరింప మొదలిడిన జీవశాస్త్ర పాఠ్యగ్రంథమునకు ఏర్పడిన నిపుణ సంఘమునకు ఆయన అధ్యక్షత వహించెను. అంతర్జాతీయ కీర్తి నందిన శాస్త్రజ్ఞుడు పాఠశాల పుస్తకమునకు కాలము వెచ్చించుట ఆయన దృష్టికి నిదర్శనము. డిగ్రీ తరగతి పైకొమ్మలకు మూలము. దానికి మూలము పాఠశాల.

ఈ శాస్త్రము తెలుగునాట కూడ వేళ్లూనినది. వాల్తేరులో ఆచార్య జె. వెంకటేశ్వర్లు పిండోత్పత్తి పరిశోధనను పెంపొందించెను. 1968లో స్థాపితమైన తెలుగు అకాడమి డిగ్రీ విద్యార్థులకు తెలుగున పాఠ్యగ్రంథములు వెలువరించుటతో పిండకోశము, అంకురచ్ఛదము, పరాగరేణువు వంటి మాటలు తెలుగు విద్యార్థి నోట నిలిచెను. స్వభాషలో శాస్త్రము నేర్చుటకు ముందుగా ఆ శాస్త్రమే ఈ దేశపు నేలలో నిలద్రొక్కుకొనవలెను. మహేశ్వరివంటివారి కృషి ఆ నేలను సిద్ధపరచెను.

1965లో లండను రాయల్ సొసైటీ ఆయనను సభ్యునిగా ఎన్నుకొనెను. మరుసటి సంవత్సరము మే 18వ తేదీన ఢిల్లీలో ఆయన మరణించెను. అప్పటికి అరువదిరెండేండ్లు నిండలేదు. శాఖను జోహ్రి మొదలైన శిష్యులు కొనసాగించిరి. వ్యక్తితో వెలసి వ్యక్తితో నశించు విద్యాశాఖలు పెక్కు. వానికి లేని స్థిరత్వము దీనికి కలిగినదన్నచో, డడ్జన్ కోరిన ఋణము ఒక తరముతో తీరక తరువాతి తరమునకు సంక్రమించినందువలననే.