తొయోడా కీచిరో: మగ్గమునుండి మోటారుకారు వరకు

హైదరాబాదునుండి ఇబ్రహీంపట్టణము మీదుగా నాగార్జునసాగరమునకు పోవు మార్గమున టయోటా బండి కానరాని దినము లేదు. పాత కారు కొనదలచిన రైతు గాని, పెండ్లి ప్రయాణమునకు బండి బాడుగకు కుదుర్చుకొను గృహస్థు గాని, ఆ పేరు వినినంతనే సగము శంక విడుచుట మన మెరుగుదుము. క్వాలిస్ అను బండి 2000 సంవత్సరమున మన దేశమున వెలువడి 2005లో ఉత్పత్తి నిలిచినది. అయినను దాని పేరు నేటికిని పల్లెలలో మాసిపోలేదు. ఈ నమ్మకము ఆకాశమునుండి ఊడిపడినది కాదు. కేవలము ప్రకటనలచే సంపాదింపబడినదియు గాదు. ఈ సంస్థను నెలకొల్పిన తొయోడా కీచిరో తొలుత చేసిన లారీలు నడిదారిలో విరిగి నిలిచినవి. విరిగిన యంత్రమునెడల ఆతడు వహించిన వైఖరియే ఆతని దేశమునకు కీర్తి తెచ్చినది. యంత్రపరిశ్రమలు తమ ప్రాంతమున వర్ధిల్లవలెనని కోరు మన భూస్వాములును పట్టణవాసులును ఆతని చరిత్రమును తెలిసికొనుట మేలు.

తొయోడా యను వంశనామమునకు సారవంతమైన వరిమడి యని యర్థము. కీచిరో తండ్రియగు సాకిచి 1867లో యామాగుచి యను చిన్న పల్లెలో ఒక వడ్రంగి ఇంట జన్మించెను. ఆ పల్లెలో స్త్రీలు పొలము పనులు తీరిన వెనుక రాత్రులు మగ్గములపై కూర్చుండి నేయుచుండిరి. తన తల్లి పడు శ్రమను చూచి, వడ్రంగిపని మాని, మగ్గమును బాగుచేయుటకు సాకిచి పూనుకొనెను. ఊరివారు ఆతనిని పిచ్చివానిగా తలచిరి. 1890లో టోక్యో నగరమున జరిగిన పారిశ్రామిక ప్రదర్శనమునకు పోయి, అచ్చటి యంత్రములను దినదినమును పరిశీలించెను. మరుసటి సంవత్సరమే, రెండు చేతులతో చేయు పనిని ఒక చేతితో నెరవేర్చు కొయ్యమగ్గమునకు ఆతడు పేటెంటు పొందెను. 1896లో జపానీయులు స్వయముగా నిర్మించిన తొలి మరమగ్గము ఆతని చేతిమీదుగనే సిద్ధమయ్యెను.

ఇట్టి కథ మనకు దూరపుది గాదు. ఆలేరు ప్రాంతమున చింతకింది మల్లేశము, ఆసు పోయుటలో తల్లి లక్ష్మి భుజములు పడిపోవుచుండుట చూడలేక, సంవత్సరముల తరబడి శ్రమించి 1999లో ఆసుయంత్రమును నిర్మించెను. ఒక్క పోచంపల్లి చీరకు వేల పర్యాయములు చేయి చాచి నూలు చుట్టవలసిన కష్టము దానితో తీరినది. 2017లో ప్రభుత్వము ఆయనకు పద్మశ్రీ నిచ్చి గౌరవించినది. తల్లి కష్టము చూచి యంత్రము కల్పించిన కుమారులు ఇరుదేశములందును పుట్టిరి. జపానులో ఆ యంత్రము వెనుక ఒక మహాపరిశ్రమ పుట్టినది. మనకడ అంతటి పరిశ్రమ ఏల పుట్టలేదో యోచింపవలసియున్నది.

సాకిచి కల్పనలలో శ్రేష్ఠమైనది వేగమునకు సంబంధించినది కాదు, నిలుపుదలకు సంబంధించినది. సామాన్యమగు మరమగ్గము పడుగులో ఒక పోగు తెగినను ఎరుగక నేయుచు పోవును. గజముల కొలది బట్ట పాడైన పిమ్మట గాని పనివాడు దానిని గుర్తింపడు. అందుచే ప్రతి మగ్గము చెంతను ఒక మనిషి కాపలా యుండవలసినదే. సాకిచి పోగు తెగినంతనే మగ్గము తనంతట తానే ఆగునట్లు ఏర్పాటు కావించెను. 1924లో తండ్రికుమారులు కూడి పూర్తిచేసిన స్వయంచాలక మగ్గము, నడుచుచుండగనే నాడెను మార్చుకొనును. పోగు తెగిన నిలిచిపోవును. ఒక్క పనివాడు ముప్పది మగ్గములను చూచుకొన గలిగెను. చెడుగును ముందునకు పోనీయక పుట్టినచోటనే ఆపవలెనను ఈ సూత్రమే పిమ్మట కారులోనికి ప్రవేశించినది.

కీచిరో 1894 జూను 11వ తేదీన ఆ పల్లెయందే జన్మించెను. యంత్రముల వెంట తిరుగు తండ్రికి ఇల్లు పట్టలేదు. తల్లి పుట్టింటికి పోయెను. బాలుడు తాత, నాయనమ్మల చెంత పెరిగెను. మితభాషియై, శరీరబలము తక్కువవాడైనను, చదువున నిలుకడ చూపి 1920లో టోక్యో రాజకీయ విశ్వవిద్యాలయమున యంత్రశాస్త్రపట్టము నందెను. తండ్రి బడి చదువు కొద్దిగా గలవాడు, అనుభవమే శాస్త్రముగా గలవాడు. కుమారుడు లెక్కయు పటమును లేనిదే ముందడుగు వేయనివాడు. ఈ రెండు స్వభావముల కలయిక వారి కర్మాగారమునకు మేలు చేసినది. 1921లో కీచిరో అమెరికా, ఇంగ్లండు దేశములకు పోయి, ఓల్డ్‌హాం పట్టణమున ప్లాట్ సోదరుల యంత్రాగారమున పని నేర్చుకొనెను. మన బొంబాయి, అహమ్మదాబాదు మిల్లులకును యంత్రములు పంపుచుండిన సంస్థ యది.

1926లో కరియా పట్టణమున తొయోడా స్వయంచాలక మగ్గముల కార్ఖానా వెలసినది. మూడేండ్లకు, 1929 డిసెంబరులో, ఆ ప్లాట్ సోదరులే తొయోడా మగ్గము హక్కులను లక్ష పౌనులకు కొనుటకు ఒడంబడిక చేసికొనిరి. నేర్చుకొనుటకు పోయిన యువకుడు ఎనిమిదేండ్లలో నేర్పినవారికే తన విద్యను అమ్మెను. యంత్రము లమ్ము దేశము యంత్రము కొను దేశముగా మారిన ఆ దినము ఆసియా చరిత్రమున గుర్తుంచుకొనదగినది. మరుసటి సంవత్సరము అక్టోబరు 30న సాకిచి కన్నుమూసెను.

ఈ గాథకు రెండవ ముఖము గూడ కలదు. జపాను మరమగ్గముల బట్ట చౌకగా మన అంగళ్లలో దిగి, మన నేతగాని నోటికూటిని కొట్టినది. 1933లో నాటి భారత ప్రభుత్వము బ్రిటిషేతర దేశముల నూలుబట్టపై నూటికి 75 వంతుల సుంకము విధింపవలసి వచ్చెను. ఒక తల్లి చేతికి విశ్రాంతి నిచ్చిన యంత్రము పరదేశపు తల్లి చేతి పనిని తీసివేయగలదు. యంత్రము ఎవరి చేతిలో నున్నదను ప్రశ్నకు ఇంతటి ప్రాధాన్యము కలుగుట ఇందువలననే.

కారు వైపు కీచిరో మనస్సు మరలుటకు కారణము ప్రత్యక్షముగ కానవచ్చుచునే యుండెను. 1923 సెప్టెంబరు భూకంపమున టోక్యో నేలమట్టమై ట్రాము మార్గములు ధ్వంసము కాగా, నగరపాలకులు అమెరికానుండి ఫోర్డు చట్రములను తెప్పించి బస్సులుగా నడిపిరి. ఆ రుచి మరగి ఫోర్డు సంస్థ 1925లో యొకొహామాలోను, జనరల్ మోటార్సు 1927లో ఒసాకాలోను భాగములు కూర్చు కార్ఖానాలు తెరచినవి. జపాను వీథులన్నియు అమెరికా బండ్లతో నిండెను. మిత్సుయి, మిత్సుబిషి వంటి మహాధనిక సంస్థలే కారు నిర్మాణము నష్టవ్యాపారమని వెనుదీయుచుండ, మగ్గముల కార్ఖానావా డొకడు దానికి పూనుకొనుట సాహసమే. సంస్థాధ్యక్షుడును బావయునగు రిసాబురో తొలుత సందేహించెను. అయినను 1933 సెప్టెంబరులో మగ్గముల కార్ఖానాలో మోటారు శాఖ ఏర్పడినది.

వారు షెవ్రొలే కారు నొకదానిని కొని మరమర విప్పి, ప్రతి భాగమును కొలిచి పటము గీసిరి. పటము గీయుట సులభము, పోత పోయుట కష్టము. మగ్గపు భాగములు పోయుటలో ఆరితేరిన పనివారికి ఇంజను దిమ్మె లొంగలేదు. పోసినవి పోసినట్లే పగిలి మరల కొలిమిపాలైనవి. 1934లో తొలి ఇంజనును, 1935 మేలో తొలి కారు నమూనాను సిద్ధముచేసిరి. ఆ నవంబరున టోక్యోలో ప్రదర్శించుటకై తెచ్చుచుండిన లారీ దారిలోనే చెడిపోగా, రాత్రికి రాత్రి బాగుచేసి ప్రదర్శనమునకు చేర్చిరి.

అమ్మిన లారీలును అట్లే విరుగుచుండెను. ఇచ్చట కీచిరో చేసిన పని గమనింపదగినది. లారీలను దేశమంతట వెదజల్లక, తొలుత కార్ఖానాకు చేరువగల ప్రాంతమునందే అమ్మించెను. బండి నిలిచినదని వార్త వచ్చినంతనే మనుష్యులను పంపి, తానును పోయి, ఏ భాగము ఏ కారణమున విరిగినదో చూచి, దానిని మరమ్మతు చేయించుటయే గాక, తరువాతి లారీలో ఆ భాగమునే మార్పించుచుండెను. కొనువానిదే తప్పని గాని, మన రోడ్లే చెడ్డవని గాని సాకులు చెప్పలేదు. కీచిరో కంటికి విరిగిన లారీ తెగిన పోగువంటిది.

1936లో వెలువడిన తొలి కారు 1943 వరకు 1404 మాత్రమే తయారైనది. ఆ 1936లోనే సంస్థ గుర్తునకై పోటీ పెట్టగా, తొయోడా యను మాటకు మారుగా టొయోటా యను రూపము ఎన్నికయ్యెను. జపాను లిపిలో అది ఎనిమిది గీతలలో ముగియును. ఎనిమిది వారికి శుభసంఖ్య. ఆ సంవత్సరపు మేలో చేసిన శాసనముచే ప్రభుత్వము విదేశ కార్ఖానాల విస్తరణమును అరికట్టి, స్వదేశ నిర్మాతలకు అనుమతు లిచ్చెను. స్వదేశోద్యమము నెరిగిన మనకు ఈ రక్షణ విలువ వివరింప నక్కరలేదు. 1937 ఆగస్టు 28న టయోటా మోటారు సంస్థ అవతరించెను. 1938 నవంబరున కొరోమో పట్టణమున క్రొత్త కార్ఖానా ప్రారంభమైనది. ఆ పట్టణమే 1959లో టయోటా నగరమని పేరు మార్చుకొనెను. కావలసిన భాగము, కావలసిన వేళకు, కావలసినంత మాత్రమే చేరవలెనని కీచిరో అచ్చట నియమము పెట్టెను. గాదెలో సరకు పేరుకొన్నచో అందలి పురుగు కానరాదు; సరకు తక్కువయున్నచో చెడ్డ భాగము తత్‌క్షణమే బయటపడును. వ్యవసాయదారులకు ఇది తెలియని మాట గాదు.

యుద్ధము ఆ ఏర్పాటును చెడగొట్టెను. కార్ఖానా చీనాపై దండెత్తిన సైన్యమునకు లారీలు చేయవలసి వచ్చెను. ఆ లారీలు మోసినది పరపీడనము. దానిని దాచి ఈ సంస్థ చరిత్రము చెప్పుట సత్యము గాదు. 1945 ఆగస్టు 14న, లొంగుబాటునకు ముందు దినమున, కొరోమో కార్ఖానాపై బాంబులు పడెను.

యుద్ధానంతరము ద్రవ్యము బిగిసి కార్లు కొనువారు లేక 1949లో సంస్థ దివాలా అంచున నిలిచెను. పనివారిని తొలగింపనని కీచిరో మాట ఇచ్చియుండెను. అప్పిచ్చిన బ్యాంకులు ఖర్చు తగ్గింపవలెనని పట్టుబట్టగా, 1950లో సుమారు 1600 మందిని విడువవలసి వచ్చి సమ్మె చెలరేగెను. మాట తప్పిన పిమ్మట పదవిలో నుండుట తగదని, తాను స్థాపించిన సంస్థ అధ్యక్షపదవిని ఆతడు జూనులో విడిచెను. ఆ నెలలోనే కొరియా యుద్ధము పుట్టి, అమెరికా సైన్యము వేలకొలది లారీలు కొనగా సంస్థ నిలద్రొక్కుకొనెను. మరల అధ్యక్షుడు గావలెనని 1952లో ఆహ్వానించిరి. ఆతడు సమ్మతించెను గాని, పదవి స్వీకరింపకమునుపే మార్చి 27న మెదడులో రక్తస్రావమై 57వ యేట మరణించెను. తన కారు లోకమున గెలుచుట ఆతడు చూడలేదు.

ఆతని వెనుక, పినతండ్రి కుమారుడు ఏజీయు, తొయోడా నూలు, నేత సంస్థనుండి వచ్చిన ఓనో తాయిచియు ఆ సూత్రములను పెంపొందించిరి. లోపము చూచిన ఏ పనివాడైనను తాడు లాగి వరుసనంతటిని ఆపవచ్చునను ఏర్పాటు వారి కార్ఖానాల కీర్తికి మూలము. 1957లో అమెరికాకు పంపిన క్రౌన్ కారు అచ్చటి పొడవు దారులపై వేగమునకు తాళలేక అపకీర్తి తెచ్చినది. వారు 1960లో దాని ఎగుమతిని ఆపి, మరల నేర్చుకొని, 1966లో కొరోలాను చేసిరి. 2008లో అమ్మకములలో ప్రపంచమున ప్రథమస్థాన మందిరి.

కీర్తి యొకసారి వచ్చిన శాశ్వతము గాదు. 2009, 2010 సంవత్సరములలో వేగపు మీట లోపములచే లక్షలకొలది బండ్లను వెనుకకు పిలువవలసి వచ్చి, కీచిరో మనుమడగు అకియో అమెరికా శాసనసభ ఎదుట నిలిచి క్షమార్పణ చెప్పెను. 2023లో ఆ సంస్థ అధీనమందలి దైహాట్సు వారు భద్రతా పరీక్షలలో సంవత్సరముల తరబడి మోసము చేసిరని తేలినది. పోగు తెగినను మగ్గమును ఆపనివారు తాతగారి ఇంటనైనను పుట్టవచ్చును.

మన ప్రాంతమునకు జపాను కార్ల విద్య తెలియనిది కాదు. 1942లో పుట్టిన హైదరాబాదు ఆల్విన్ సంస్థ 1980 దశకమున నిస్సాన్ వారితో కూడి జహీరాబాదున లారీలు చేసినది. కొన్నాళ్లకు ఆ కార్ఖానా మహీంద్రా వారి చేతికి పోయెను, ఆల్విన్ నిలువలేదు. శ్రీసిటీలో ఇసుజు వారు 2016నుండి బండ్లు చేయుచున్నారు. ఈ కార్ఖానాలవలన మనవారికి జీతములు దొరకుట సంతోషమే. కాని పటము పరులది, పేరు పరులది.

కీచిరోయు పరుల కారును విప్పియే ప్రారంభించెను. విప్పిన పిమ్మట ఆగక, విరిగిన ప్రతి భాగమునకును కారణము వెదకెను; వెదకుటకు పెట్టుబడి పెట్టిన కుటుంబము, ఓర్చిన సర్కారు ఆతనికి దొరకెను. మల్లేశమునకు చాలకాలము దొరకినవి అప్పులును అవహేళనయు. ఇబ్రహీంపట్టణము చుట్టును భూముల ధర పెరుగగా లాభమందిన కుటుంబము లెన్నియో కలవు. ఈ చుట్టుపట్ల యంత్రశాస్త్ర కళాశాలలును లేకపోలేదు. ఆ ధనమున కొంతయైనను మరల భూమిపైననే పెట్టక, వడ్రంగి, కమ్మరి, సాలె ఇండ్ల బిడ్డలు చేయు యంత్రములపై పెట్టుట మన భూస్వాములకు అసాధ్యము గాదు. ఆ తొలి యంత్రములు తప్పక విరుగును. అప్పుడు నవ్వక, పెట్టిన సొమ్ము వెనుకకు తీయక, ఏది విరిగినదో చూచి బాగుచేయు ఓర్పు వారు చూపవలెనని మా ప్రార్థన.