ఫిడేలు పక్కనబెట్టి దరఖాస్తులు పట్టుకున్న మహానుభావుడు



ఫిడేలు అనగానే మనకు ద్వారం వెంకటస్వామినాయుడుగారు గుర్తుకు వస్తారు. నేనిప్పుడు వ్రాయబోయేది పోలండు దేశానికి చెందిన మరో ఫిడేలు విద్వాంసుని గురించి. ఆయన పేరు బ్రోనిస్లావ్ హుబెర్మన్. ఆయన వాయిద్యాన్ని విశ్లేషించేటంత సంగీతజ్ఞానం నాకు లేదు. ఉద్యోగమంతా ఫైళ్ళ మధ్య గడిపిన గుమాస్తాను. అందుచేత కాగితాల కోసం ఆయన పడిన పాట్లు మాత్రం నాకు బాగా అర్థమయినవి.

హుబెర్మన్ 1882 డిసెంబరు 19న చెన్‌స్తొహోవా పట్టణంలో ఒక యూదు కుటుంబంలో జన్మించారు. బాల మేధావి. 1896లో, పదమూడేళ్ళ వయస్సులో, వియన్నా నగరంలో బ్రామ్స్ మహాశయుని కాన్సర్టోను ఆయన సమక్షంలోనే వాయించి మెప్పించారు. ఆ తరువాత ఐరోపా, అమెరికాలలో ఆయనకు కీర్తికి గాని, ధనానికి గాని కొదవ లేకపోయింది.

1933లో జర్మనీలో హిట్లరు అధికారంలోకి వచ్చాడు. ఏప్రిల్ 7న ప్రభుత్వోద్యోగుల చట్టమొకటి తెచ్చి యూదులను కొలువుల నుండి తొలగించసాగారు. ప్రభుత్వ నాటకశాలల్లో, ఆర్కెస్ట్రాలలో పనిచేసే వాద్యకారులు కూడా వీధిన పడ్డారు. ఎన్నో ఏళ్ళ సర్వీసు ఉన్నవారిని ఒక్క ఉత్తర్వుతో ఇంటికి పంపితే ఎలా ఉంటుందో మన పాఠకులకు నేను వేరే చెప్పనక్కరలేదు. బెర్లినులో కచేరీ చేయమని ఆహ్వానం వచ్చినా హుబెర్మన్ వెళ్ళలేదు.

పాలస్తీనాలో ఆయన అంతకు ముందే కచేరీలు చేశారు. అక్కడి శ్రోతల ఆసక్తి చూశారు. కొలువు పోయిన వాద్యకారులతో అక్కడ ఒక పెద్ద సింఫనీ ఆర్కెస్ట్రా నెలకొల్పాలని సంకల్పించారు. స్వయంగా ఐరోపా తిరిగి, వాయిద్యం విని మనుషులను ఎంచుకున్నారు. అందరినీ తీసుకోవడానికి వీలు లేదు. ఆర్కెస్ట్రా నిలబడాలంటే సమర్థులే కావాలి. ఎవరిని తీసుకుంటే వారు బ్రతికి బయటపడే కాలమది. ఆ ఎంపిక ఎంత బరువైనదో ఊహించుకోవచ్చు.

పాలస్తీనా అప్పుడు బ్రిటిషువారి ఏలుబడిలో ఉంది. వలస వచ్చేవారికి సర్టిఫికెట్టు ఉండాలి. వాటి సంఖ్య పరిమితం. 1936 ఏప్రిల్ నుండి అక్కడి అరబ్బులు వలసలను ప్రతిఘటిస్తూ సమ్మె, తిరుగుబాటు సాగించారు. దానితో అనుమతులు మరింత కష్టమైనాయి. హుబెర్మన్ అధికారులకు విజ్ఞప్తులు చేస్తూనే ఉన్నారు. వాద్యకారులకే గాక వారి కుటుంబాలకు కూడా అనుమతి కోసం పట్టుబట్టారు. అమెరికాలో విరాళాల సేకరణకు ఐన్‌స్టీన్ మహాశయుడు తోడ్పడ్డారు.

ఆ యేడాది ఫిబ్రవరి 28న న్యూయార్కులో కార్నెగీ హాలులో హుబెర్మన్ ఒక ఫిడేలు వాయిస్తూ ఉండగా, లోపలి గదిలో ఉంచిన 1713 నాటి స్ట్రాడివేరియస్ ఫిడేలును ఎవరో దొంగిలించారు. ఎంత దుఃఖం కలిగినా చేపట్టిన పని ఆపలేదు.

1936 డిసెంబరు 26న టెల్ అవీవ్‌లో సుమారు 70 మంది వాద్యకారులతో తొలి కచేరీ జరిగింది. సుప్రసిద్ధ ఇటాలియన్ విద్వాంసుడు టోస్కానినీ పారితోషికం పుచ్చుకోకుండా వచ్చి నిర్వహించారు. కుటుంబాలతో కలుపుకొని హుబెర్మన్ ప్రయత్నం వల్ల దాదాపు వెయ్యిమంది ప్రాణాలు దక్కాయని అంచనా.

1937లో సుమత్రా దీవిలో విమాన ప్రమాదం జరిగి ఆయన ఎడమ చేయి దెబ్బతిన్నది. పట్టుదలతో కోలుకొని మళ్ళీ వేదికనెక్కారు. 1947 జూన్ 16న స్విట్జర్లాండులో కన్నుమూశారు. మరుసటి యేడు ఇజ్రాయిల్ దేశం ఏర్పడగా ఆ ఆర్కెస్ట్రా ఇజ్రాయిల్ ఫిల్హార్మోనిక్ అయింది. మన బొంబాయిలో, ఆర్కెస్ట్రా పుట్టిన 1936లోనే పుట్టిన జుబిన్ మెహతాగారు 1977 నుండి 2019 వరకు దానికి సంగీత దర్శకులుగా ఉండడం మనకు సంతోషం కలిగించే విషయం. పోయిన ఫిడేలు ఆయన తదనంతరం 1980 దశకంలో బయటపడింది.

చివరగా నా సొంత మాట ఒకటి. నేను సర్వీసులో ఉండగా ఒక వితంతువు కుటుంబ పెన్షను కాగితం, చిన్న కొర్రీ కారణంగా, నా బల్లమీద మూడు వారాలు ఉండిపోయింది. ఆమె మూడుసార్లు వచ్చి బెంచీమీద కూర్చొని వెళ్ళింది. నాలుగోసారి ఆమె కొడుకు వచ్చి, అమ్మకు బస్సు ఛార్జీకి డబ్బులు లేవండీ అన్నాడు. ఆ సాయంత్రమే ఫైలు కదిలింది. మొదటిరోజే కదిలించి ఉండవచ్చును. హుబెర్మన్ చరిత్ర చదివినప్పుడు నాకా బెంచీయే కళ్ళముందు మెదిలింది.

మన పిల్లలు, మనుమలు ఎందరో నేడు ఉద్యోగాలలో ఉన్నారు. వారి బల్లమీద ఉన్న ప్రతి కాగితం వెనుక ఒక కుటుంబం ఎదురుచూస్తూ ఉంటుందని వారికి చెప్పవలసిందిగా నా మనవి.