నగరి కొండల నుంచి సింగరేణి దాకా: డాక్టర్ విలియం కింగ్

మన పూర్వ విద్యార్థుల సంఘం స్వర్ణోత్సవ సంచికకు ఏదైనా రాయమని మిత్రులు అడిగారు. బడి రోజుల అల్లరి గురించి నాకంటే బాగా రాసేవాళ్లు మనలో చాలామంది ఉన్నారు. అందుకని నా వృత్తికి సంబంధించిన ఒక పెద్దమనిషి జీవితం గురించి రాస్తున్నాను. నేను బొగ్గు గనుల్లో పనిచేసిన ఇంజనీరును. మన చిత్తూరు వైపు బొగ్గు లేదు. బొగ్గు గని మేనేజరు కావాలంటే ఏం చదవాలి, ఏ పరీక్ష రాయాలి అని పిల్లలు అడిగితే చెప్పేవాళ్లు కూడా ఇక్కడ తక్కువే. కానీ సింగరేణి బొగ్గును కనిపెట్టిన డాక్టర్ విలియం కింగ్ అంతకుముందు కొన్నేళ్లు మన కొండల్లోనే తిరిగారని నాకు ఉద్యోగంలో చేరాక తెలిసింది. ముందే తెలిసుంటే సోషల్ క్లాసులో ఇంకొంచెం శ్రద్ధగా కూర్చునేవాడినేమో.

కింగ్ ఐర్లండ్‌లోని గాల్వేలో చదువుకున్నారు. తండ్రి పేరు కూడా విలియం కింగే. గాల్వే క్వీన్స్ కాలేజీలో భూగర్భశాస్త్రం చెప్పే ప్రొఫెసరు. జర్మనీలోని నియాండర్ లోయలో దొరికిన పాత ఎముకలు నేటి మనిషివి కావనీ, అది వేరే మానవజాతి అనీ 1863లో వాదించి దానికి శాస్త్రీయ నామం పెట్టింది ఆయనే. నియాండర్తల్ మానవుడి గురించి మనం పాఠ్యపుస్తకాల్లో చదువుకున్న పేరు అలా వచ్చింది.

కొడుకు 1857లో భారత భూగర్భ సర్వేలో ఉద్యోగంలో చేరి మద్రాసు వచ్చారు. సర్వే సంస్థ పుట్టి అప్పటికి ఆరేళ్లే. దక్షిణాది మొత్తానికి నలుగురైదుగురు అధికారులుండేవారు. మరుసటి ఏడాది రాబర్ట్ బ్రూస్ ఫూట్ వచ్చి కలిశారు. వానలు వెనకబడ్డాక గుడారాలు, ఎడ్లబండ్లు, కొలత గొలుసులు, సుత్తి తీసుకుని బయల్దేరడం, ఎండలు ముదిరేదాకా రాయి రాయినీ చూసుకుంటూ నడవడం, వానాకాలంలో మద్రాసులో కూర్చుని పటాలు గీయడం, నివేదికలు రాయడం. ఏటా ఇదే పని. రైలు లేని చోటికి గుర్రం, గుర్రం వెళ్లలేని చోటికి కాళ్లు.

1863 సెప్టెంబరులో ఫూట్, కింగ్ ఇద్దరూ అత్తిరంపాక్కం దగ్గర వాగు గట్టున ఆదిమానవులు చెక్కిన రాతి పనిముట్లు కనిపెట్టారు. ఇప్పుడది తమిళనాడులో తిరువళ్లూరు జిల్లా. మన నగరి పక్కన పారే కుశస్థలి నీళ్లు వెళ్లేది కూడా ఆ వైపుకే. అదే ఏడాది అక్కడ తండ్రి పాత మానవజాతికి పేరు పెడుతుంటే, ఇక్కడ కొడుకు పాత మనుషుల పనిముట్లు చేత్తో ఏరుతున్నారు. ఇద్దరి మధ్య సముద్రాలున్నాయి గానీ పని ఒకటే.

తరువాతి ఏళ్లలో కింగ్ కడప, కర్నూలు ప్రాంతాల రాళ్లన్నిటినీ సర్వే చేసి 1872లో పెద్ద గ్రంథం వెలువరించారు. రాతి పొరలను ఏది కింద, ఏది పైన అని వరస పెట్టి, ఒక్కో వరసకు అక్కడి ఏరు పేరో, కొండ పేరో, ఊరి పేరో పెట్టారు. పాపఘ్ని, చెయ్యేరు, నల్లమల, పుల్లంపేట అన్నీ అలా శాస్త్రంలోకి ఎక్కిన పేర్లే. వాటిలో ఒకటి మన నగరి. పూర్వం బంగాళాఖాతంలో ఓడలు నడిపేవాళ్లకు గుర్తుగా ఉండిన నగరి ముక్కు కొండ, ఆ గట్టి తెల్లని రాయి, భూగర్భశాస్త్రంలో నగరి క్వార్ట్‌జైట్ అయింది. తిరుమల కొండలు కూడా ఆ రాయే. శిలాతోరణం ఆ రాతిలో గాలీ నీరూ చెక్కిందే. ఘాట్ రోడ్డు పక్కన ఆ రాయి కిందనున్న పాత గ్రానైటు మీద కూర్చున్న గీత కనిపిస్తుంది. ఆ గీతకు కిందికీ పైకీ మధ్య సుమారు 80 కోట్ల సంవత్సరాల తేడా ఉందని అంచనా. ఈసారి కొండకు వెళ్లినప్పుడు స్వామి దర్శనంతో పాటు అదీ చూడండి.

ఈ సర్వే వల్ల కింగ్‌కు ఒక సంగతి రూఢిగా తెలిసింది. మన రాళ్లు భూమి మీద చెట్లు పుట్టకముందే ఏర్పడ్డవి. బొగ్గు అంటే పూడిపోయిన అడవి. అడవే లేని కాలపు రాతిలో బొగ్గు ఉండదు. పలకరాయి ఎంత నల్లగా ఉన్నా అది పలకరాయే. బొగ్గు కావాలంటే 25, 30 కోట్ల సంవత్సరాల కిందటి ఇసుకరాళ్లు కావాలి. అవి గోదావరి లోయలో ఉన్నాయి. ఎక్కడ వెతకకూడదో తెలిసినవాడికి ఎక్కడ వెతకాలో తొందరగా తెలుస్తుంది.

నిజాం రాజ్యంలో ఇల్లెందు దగ్గర సింగరేణి గ్రామ పరిసరాల్లో 1871లో కింగ్ బొగ్గు పొరను గుర్తించారు. భద్రాచలం వెళ్లే యాత్రికులు పొయ్యికి పెట్టుకున్న నల్లరాళ్లు అంటుకుని మండాయనీ, ఆ వార్తే దొరల చెవిన పడిందనీ అక్కడ ఇప్పటికీ కథగా చెప్పుకుంటారు. కథ ఎలా ఉన్నా, రాయి మండిందని తెలియడం వేరు, ఆ పొర ఎటు వాలి ఉంది, ఎంత మందం, ఎంత దూరం పోతుంది అని లెక్క కట్టడం వేరు. రెండోది కింగ్ చేశారు. ప్రాణహిత గోదావరి లోయ మొత్తం మీద ఆయన గ్రంథం 1881లో వచ్చింది. మధ్యలో వయనాడు బంగారం మీద, తిరువాన్కూరు భూమి మీద కూడా నివేదికలు రాశారు. 1886లో లండన్‌లో పెట్టిన హైదరాబాద్ దక్కన్ కంపెనీకి తవ్వకపు హక్కులు వచ్చాయి. ఆ ఆస్తులనే తరువాత తీసుకుని 1920లో సింగరేణి కాలరీస్ కంపెనీ ఏర్పడింది. కొత్తగూడెం వైపు గనుల్లో కింగ్ సీమ్, క్వీన్ సీమ్ అని బొగ్గు పొరలున్నాయి. ఆ కింగ్ రాజుగారు కాదనీ, మన డాక్టరుగారేననీ గనిలో చేరిన తొలిరోజుల్లో ఒక పెద్దాయన నాకు చెప్పారు.

1887లో కింగ్ భారత భూగర్భ సర్వేకు అధిపతి అయ్యారు. 1894లో పదవీ విరమణ చేశారు. సుత్తి పట్టుకుని వచ్చిన కుర్రవాడు 37 ఏళ్లు ఈ దేశపు రాళ్ల మధ్యే గడిపారు.

అయితే ఆ ఏళ్లలోనే మరో ప్రశ్న ముందుకొచ్చింది. బొగ్గు ఎక్కడుందో సర్వే చెప్పింది. దాన్ని తీయడానికి మనుషుల్ని కిందికి దింపేదెవరు? దింపినవాడికి ఆ పని తెలుసని ఎవరు చూశారు? బ్రిటన్‌లో వరస ప్రమాదాల తరువాత 1872లో చట్టం తెచ్చి, పరీక్ష పాసై యోగ్యతాపత్రం పొందినవాడే బొగ్గు గని మేనేజరుగా ఉండాలన్నారు. కడప రాళ్ల మీద కింగ్ గ్రంథం వచ్చిందీ ఆ ఏడాదే. కానీ మన దేశానికి ఆ పట్టింపు రావడానికి చాలాకాలం పట్టింది. 1894లో, అంటే కింగ్ దిగిపోయిన ఏడాదే, జేమ్స్ గ్రండీ మొదటి గనుల ఇన్‌స్పెక్టరుగా నియమితులయ్యారు. 1897లో మన పక్కనే ఉన్న కోలారు బంగారు గనుల్లో ప్రమాదం జరిగి 52 మంది, బలూచిస్తాన్‌లోని ఖోస్ట్ బొగ్గు గనిలో 47 మంది చనిపోయారు. కోలారు గనులకు మన కుప్పం, వి.కోట వైపు నుంచి కూలికి పోయినవాళ్లు ఎంతోమంది. అది మనకు పరాయి కథ కాదు. ఆ చావుల తరువాత 1901లో గనుల చట్టం వచ్చింది. కింగ్ దాన్ని చూడలేదు. 1900లో కన్నుమూశారు.

ఆ చట్టం తరువాత 1952లో కొత్త రూపం తీసుకుంది. ప్రతి గనికీ బాధ్యుడైన ఒక్క మేనేజరు ఉండాలి. అతనికి ధన్‌బాద్‌లోని గనుల భద్రతా డైరెక్టరేట్ జనరల్ పరీక్షల ద్వారా ఇచ్చే యోగ్యతాపత్రం ఉండాలి. గనుల్లో దీన్ని ఫస్ట్ క్లాస్, సెకండ్ క్లాస్ అంటారు. పెద్ద గనికి ఫస్ట్ క్లాస్ కావాలి. ఓపెన్‌కాస్ట్‌కు మాత్రమే చెల్లేది ఒకటి, భూగర్భానికి కూడా చెల్లేది ఒకటి. వీటి కింద ఓవర్‌మాన్, సర్దార్ పత్రాలున్నాయి. బాగా చదువుకున్న అబ్బాయి డిగ్రీతో పైనుంచి మొదలుపెట్టవచ్చు. కానీ ఎవరైనా సరే గనిలో పనిచేసిన అనుభవం చూపించాలి. ప్రథమ చికిత్స, గ్యాస్ టెస్టింగ్ పత్రాలు తెచ్చుకోవాలి. మా రోజుల్లో మైనింగ్ డిగ్రీ ఉన్నవాళ్లకు కొన్ని పేపర్లు మినహాయించేవారు గానీ, చట్టం, భద్రత పేపరు మాత్రం రాయాల్సిందే.

గ్యాస్ టెస్టింగ్ పరీక్ష గురించి ఒక్కమాట. సేఫ్టీ ల్యాంపు వత్తి తగ్గిస్తే మంట మీద నీలిరంగు టోపీ లాంటిది లేస్తుంది. ఆ టోపీ ఎత్తును బట్టి గాలిలో మీథేన్ ఎంతుందో చెప్పాలి. 1.25 శాతం దాటితే కరెంటు ఆపాలి, మనుషుల్ని బయటికి పంపాలి. ప్రాణవాయువు 19 శాతానికి తగ్గకూడదు. ఇవి బట్టీ పట్టడానికి సులువైన అంకెలే. మొదటిసారి మౌఖిక పరీక్షలో నేను అన్ని అంకెలూ అప్పజెప్పి కూడా తప్పాను. పాత గని పనులకు 60 మీటర్ల లోపు అనుమతి లేకుండా ఎందుకు తవ్వకూడదు అని అడిగితే నిబంధన నంబరు చెప్పాను. ఎందుకు అన్నదానికి జవాబు చెప్పలేదు. పాత గనిలో నీళ్లు నిలిచి ఉంటాయి, మధ్యలో గోడ పలచబడితే అవి మనుషుల మీద పడతాయి అని చెప్పి ఉండాల్సింది. 1975 డిసెంబరు 27న చస్నాలాలో 375 మంది అలాగే మునిగిపోయారు. 2003 జూన్‌లో మన గోదావరిఖనిలో నీళ్లు చొరబడి 17 మంది పోయారు. ఆ ఏడాది పరీక్ష తప్పడం నాకు సిగ్గనిపించింది. ఇప్పుడు ఆలోచిస్తే, తప్పించినాయనే నాకు మేలు చేశారు.

పాత పనులు ఎక్కడిదాకా వచ్చాయో చెప్పేది పటం. అందుకే మేనేజరు ఎంత పెద్ద చదువు చదివినా రోజూ పటం ముందు నిలబడాలి. పటం తప్పయితే చట్టమంతా తెలిసినా ఉపయోగం లేదు. ఇది గనిలో చాలా ఏళ్లు గడిచాక నాకు బోధపడింది. కింగ్ తాను స్వయంగా చూసిన రాయినే పటంలోకి ఎక్కించేవారు. అందుకే నూట యాభై ఏళ్లు గడిచినా ఆయన పెట్టిన రాతి వరసల పేర్లు ఇంకా వాడుకలో ఉన్నాయి. మేనేజరు పరీక్షలో అసలు అడిగేది కూడా అదే: నువ్వు చూసి చెబుతున్నావా, విని చెబుతున్నావా?

మన బడి నుంచి ఇంజనీర్లు, డాక్టర్లు చాలామంది వచ్చారు. గనుల వైపు వెళ్లినవాళ్లు తక్కువ. ఇప్పుడు చదువుతున్న తమ్ముళ్లలో, చెల్లెళ్లలో ఎవరికైనా ఆసక్తి ఉంటే తిరుపతిలోనే ఎస్వీ యూనివర్సిటీలో జియాలజీ ఉంది, మైనింగ్ డిప్లొమాలు, డిగ్రీలు మన రెండు రాష్ట్రాల్లోనూ ఉన్నాయి. 2019 నుంచి ఆడపిల్లలకు కూడా భూగర్భ గనుల్లో సాంకేతిక, పర్యవేక్షణ ఉద్యోగాలకు దారి తెరిచారు. జీతం మంచిదే. కానీ చేరేముందు ఒక విషయం తెలుసుకుని చేరండి. ఆ పత్రం మీద మన పేరు ఉంటుంది, గనిలోకి దిగిన ప్రతి మనిషి సాయంత్రం ఇంటికి చేరే పూచీ కూడా ఆ పేరు మీదే ఉంటుంది.