బూజు పట్టిన పళ్లెంలో దొరికిన మందు
పిల్లల ఎముకలు కాపాడిన ఫ్లెమింగ్

పొట్టంగి: సాలూరు దాటి సుంకి ఘాట్ ఎక్కితే కనిపించే ఈ కొండల జిల్లాలో ఒకప్పుడు గిరిజన పిల్లల్ని యాస్ అనే జబ్బు పట్టి పీడించేది. కాలి మీద చిన్న పుండుగా మొదలై ఒకరి చర్మం నుంచి ఇంకొకరికి అంటుకునేది. పట్టించుకోకపోతే కొన్నేళ్లకు ఎముకలు, కీళ్లకు పాకేది. కాళ్లు వంగిపోయేవి, ముక్కు దూలం కూడా తినేసేది. ఆ జబ్బుకు ఒకే ఒక్క పెన్సిలిన్ ఇంజెక్షన్‌తో కళ్లెం పడింది. ఆ మందును లోకానికి చూపించిన అలెగ్జాండర్ ఫ్లెమింగ్ కూడా కొండ ప్రాంతంలో, పేద రైతు ఇంట పుట్టినవాడే.

గుమాస్తా నుంచి డాక్టర్

స్కాట్లాండ్‌లోని డార్వెల్ దగ్గర లాక్‌ఫీల్డ్ అనే పొలంలో 1881 ఆగస్టు 6న పుట్టాడు. ఏడేళ్లకే తండ్రి పోయాడు. మైళ్ల దూరం నడిచి బడికి వెళ్లేవాడు. 13వ ఏట లండన్‌లోని అన్న దగ్గరికి చేరాడు. ఓడల కంపెనీలో నాలుగేళ్లు గుమాస్తాగిరీ చేశాడు. ఇంతలో బాబాయి ఆస్తిలో కొంత వాటా రావడంతో దశ తిరిగింది. 1901లో సెయింట్ మేరీస్ వైద్య కళాశాలలో సీటు సంపాదించాడు. చదువయ్యాక సర్జన్ కావాల్సిందే. కాకపోతే గురి తప్పని షూటర్ కావడంతో, కాలేజీ రైఫిల్ క్లబ్ వాళ్లు వదులుకోలేక అక్కడి లాబ్‌లోనే పని ఇప్పించారు. అలా సూక్ష్మజీవుల దారి పట్టాడు.

యుద్ధం నేర్పిన పాఠం

మొదటి ప్రపంచ యుద్ధంలో ఫ్రాన్స్‌లోని బూలోన్ ఆస్పత్రిలో పనిచేశాడు. తూటాలకు ఎముకలు చితికి, గాయాలు చీముపట్టి సైనికులు కళ్ల ముందే చనిపోయేవారు. పైన పోసే ఘాటు మందులు లోతు గాయాల్లోని క్రిముల దాకా చేరకపోగా, వాటితో పోరాడే తెల్ల రక్తకణాల్నే చంపుతున్నాయని నిరూపించాడు. ఒంటికి హాని చేయకుండా క్రిమిని మాత్రమే చంపే మందు కావాలన్న ఆలోచన అప్పటి నుంచే వెంటాడింది.

సెలవు తెచ్చిన అదృష్టం

1928లో స్టెఫైలోకాకస్ అనే క్రిమిపై పరిశోధన చేస్తున్నాడు. పిల్లల ఎముకల్లో, కీళ్లలో చీము పట్టించే వాటిలో ఇప్పటికీ ముందుండేది ఈ క్రిమే. సెప్టెంబర్‌లో సెలవుల నుంచి తిరిగొచ్చి చూస్తే ఓ గాజు పళ్లెంలో బూజు పట్టింది. ఇంకొకరైతే కడిగి పక్కన పెట్టేవారే. ఆ బూజు చుట్టూ క్రిములు కరిగిపోవడం ఫ్లెమింగ్ కంటపడింది. ఆ బూజు రసానికి పెన్సిలిన్ అని పేరు పెట్టాడు. 1929లో వ్యాసం అచ్చయింది. కానీ దాన్ని శుద్ధి చేయడం ఆయన వల్ల కాలేదు. పదేళ్లపాటు పెద్దగా ఎవరూ పట్టించుకోలేదు.

ఆక్స్‌ఫర్డ్‌లో ఫ్లోరీ, చైన్ బృందం ఆ పని భుజాన వేసుకుంది. 1941లో మందు ఎక్కించిన తొలి రోగి, ఓ పోలీసు, కోలుకుంటుండగా మందు అయిపోయి చనిపోయాడు. ఆ తర్వాత మందు ఇచ్చిన వారిలో పిల్లలూ ఉన్నారు. చిన్న ఒళ్లకు తక్కువ మందు సరిపోవడం అందుకో కారణం. 1945లో ఫ్లెమింగ్, ఫ్లోరీ, చైన్ ముగ్గురికీ కలిపి నోబెల్ వచ్చింది. తక్కువ మోతాదులో వాడితే క్రిములు మొండికేస్తాయని ఆ వేదిక మీదే ఫ్లెమింగ్ హెచ్చరించాడు. 1955 మార్చి 11న లండన్‌లో గుండెపోటుతో కన్నుమూశాడు.

కొరాపుట్ నుంచే మొదలు

ఆయన పోయిన నలభై ఏళ్లకు, 1996-97లో కేంద్ర ప్రభుత్వం యాస్ నిర్మూలన కార్యక్రమాన్ని కొరాపుట్ జిల్లా నుంచే ప్రారంభించింది. సిబ్బంది ఊరూరా తిరిగి పుండ్లున్న పిల్లల్ని వెతికి, వారికీ, వారితో మెలిగినవారికీ ఇంజెక్షన్ ఇచ్చారు. తర్వాత ఆంధ్రప్రదేశ్ సహా పది రాష్ట్రాలకు విస్తరించారు. 2003 తర్వాత దేశంలో కొత్త కేసు రాలేదు. 2016లో ప్రపంచ ఆరోగ్య సంస్థ భారత్‌ను యాస్ లేని దేశంగా గుర్తించింది.

ఆ ముప్పు మాత్రం పోలేదు

యాస్ పోయింది గానీ, స్టెఫైలోకాకస్ పోలేదు. సెగ్గడ్డ నుంచో, చిన్న గీత నుంచో రక్తంలోకి చేరి ఎదిగే ఎముక కొసలో స్థిరపడుతుంది. పిల్లాడికి జ్వరం, కాలు నేల మీద మోపడు, ముట్టుకుంటే ఏడుస్తాడు. పసిబిడ్డ అయితే ఒక కాలో చెయ్యో కదపదు. ఆడుతూ పడ్డాడు, బెణికిందిలే అని నూనె రాసి మర్దనా చేయిస్తే, కట్టు కట్టిస్తే విలువైన రోజులు పోతాయి. కీలులో చీము చేరితే కొద్ది రోజుల్లోనే మృదులాస్థి అరిగి, జీవితాంతం కుంటు మిగలొచ్చు. తుంటి కీలు అయితే మరీ ప్రమాదం. అదే రోజు ఆస్పత్రికి తీసుకెళ్లాలి. రక్త పరీక్ష, స్కానింగ్‌తో తేలుతుంది. చీము ఉంటే తీసేస్తారు.

ఫ్లెమింగ్ చెప్పినట్టే ఈ క్రిమి మామూలు పెన్సిలిన్‌కు చాలావరకు మొండికేసింది. ఇప్పుడు వేరే యాంటీబయాటిక్స్ ఇస్తున్నారు. జ్వరం తగ్గిందని మధ్యలో ఆపేయకుండా, డాక్టర్ చెప్పినన్ని వారాలూ వాడాలి. ఆయన వదిలి వెళ్లిన హెచ్చరికా అదే.