మాజీ సైనికుల ఆత్మబంధువు డాక్టర్ హెక్టర్ గార్సియా

యుద్ధభూమి నుంచి తిరిగివచ్చిన సైనికునికి గాయం మానినంత మాత్రాన బాధ తీరదు. అతని దేహానికి వైద్యం కావాలి, మనస్సుకు ఊరట కావాలి, కుటుంబానికి జీవనాధారం కావాలి. ఇవన్నీ దేశం అతనికి చెల్లింపవలసిన ఋణాలు. ఆ సైనికుడు అల్పసంఖ్యాక వర్గానికి చెందినవాడై, ప్రభుత్వ భాష రానివాడైతే ఆ ఋణం అతనికి అందడం మరింత కష్టం. అమెరికాలో అట్టి సైనికుల కొరకు జీవితాన్ని ధారవోసిన వైద్యుడు హెక్టర్ పెరెజ్ గార్సియా.

ఆయన 1914 జనవరి 17న మెక్సికో దేశంలోని టమౌలిపాస్ రాష్ట్రంలో జన్మించారు. తల్లిదండ్రులిద్దరూ ఉపాధ్యాయులు. అక్కడి విప్లవ కల్లోలం వల్ల 1917లో ఆ కుటుంబం సరిహద్దు దాటి అమెరికాలోని టెక్సాస్ రాష్ట్రానికి వలసవచ్చింది. తండ్రి విద్యార్హతలకు అక్కడ గుర్తింపు లభింపలేదు. ఆయన బట్టల వ్యాపారంతో సంసారాన్ని ఈదుతూనే బిడ్డల చదువుపై పూర్తి శ్రద్ధ వహించారు. ఆ సంతానంలో ఆరుగురు వైద్యులు కావడం విశేషం. హెక్టర్ 1936లో టెక్సాస్ విశ్వవిద్యాలయ పట్టభద్రులై, 1940లో వైద్యవిద్య పూర్తిచేశారు.

రెండవ ప్రపంచ యుద్ధకాలంలో, 1942లో, ఆయన స్వచ్ఛందంగా సైన్యంలో చేరారు. ఉత్తర ఆఫ్రికా, ఇటలీ రంగాలలో పనిచేసి, మేజర్ హోదాను, కాంస్య నక్షత్ర పతకాన్ని పొందారు. ఇటలీలో పరిచయమైన విద్యావతి వాండా ఫుసిల్లోను 1945లో వివాహమాడారు. యుద్ధానంతరం కొర్పస్ క్రిస్టీ నగరంలో వైద్యశాల నెలకొల్పారు. రుసుము ఇచ్చుకోలేని పేదలకు ఉచితంగా చికిత్స చేసేవారు.

ఆ వైద్యశాలలోనే ఆయనకు మరొక వ్యాధి గోచరించింది. అది ఔషధాలకు లొంగేది కాదు. మాజీ సైనికుల విద్యకు, గృహ ఋణాలకు, నిరుద్యోగ భృతికి 1944లోనే అమెరికా చట్టం చేసింది. కాని మెక్సికన్ సంతతి సైనికులకు ఆ సహాయం సకాలంలో అందలేదు. రోగులకు ఆసుపత్రి పడకలు దొరకలేదు. దరఖాస్తులు కార్యాలయాలలో మూలుగుతుండేవి. వ్యక్తులుగా అడిగితే లభించనిది సంఘంగా అడిగితే లభిస్తుందని గార్సియా విశ్వసించారు. 1948 మార్చి 26న ఒక పాఠశాలలో సుమారు 700 మంది మాజీ సైనికులను సమావేశపరచి అమెరికన్ జి.ఐ. ఫోరం అను సంస్థను స్థాపించారు.

మరుసటి సంవత్సరమే సంస్థకు పరీక్ష ఎదురైంది. ఫెలిక్స్ లొంగోరియా అను సైనికుడు 1945లో ఫిలిప్పీన్స్ దీవులలో వీరమరణం పొందాడు. అతని అస్థికలు 1949లో స్వస్థలమైన త్రీ రివర్స్ పట్టణానికి చేరనుండగా, తెల్లవారు అంగీకరింపరన్న కారణంతో అక్కడి అంత్యక్రియల మందిరం వాడుకొనుటకు అనుమతి నిరాకరించారు. గార్సియా వెంటనే నిరసన సభ జరిపి, సెనేటర్ లిండన్ జాన్సన్‌కు తంతి పంపారు. జాన్సన్ చొరవతో 1949 ఫిబ్రవరి 16న ఆ వీరునికి ఆర్లింగ్టన్ జాతీయ శ్మశానవాటికలో సైనిక లాంఛనాలతో అంత్యక్రియలు జరిగాయి. మరణించిన సైనికుని గౌరవం కొరకు సాగిన ఆ పోరాటం జీవించియున్న వేలాది మందికి ధైర్యాన్నిచ్చింది.

తదుపరి కాలంలో విద్యాలయాలలోని జాతివివక్షపై, న్యాయస్థానాల జ్యూరీల నుంచి మెక్సికన్ సంతతివారిని తొలగించడంపై ఫోరం పోరాడింది. జ్యూరీ విషయమై 1954లో అమెరికా సుప్రీంకోర్టు వారికి అనుకూలంగా తీర్పు చెప్పింది. గార్సియా 1967లో ఐక్యరాజ్యసమితికి అమెరికా ప్రతినిధులలో ఒకరుగా నియమితులై, అక్కడ స్పానిష్ భాషలో ప్రసంగించారు. 1984లో ఆ దేశపు అత్యున్నత పౌర పురస్కారాలలో ఒకటైన అధ్యక్షుని స్వాతంత్ర్య పతకాన్ని అందుకొన్నారు. 1996 జూలై 26న, తన 82వ యేట, కొర్పస్ క్రిస్టీలో దివంగతులయ్యారు.

ఆయన జీవితకాలంలోనే మరొక సత్యం వెలుగుచూసింది. పీడకలలు, ఉలికిపాటు, నిద్రలేమి, అకారణమైన ఆగ్రహం వంటి లక్షణాలు గల యుద్ధానంతర మానసిక వ్యాధిని 1980లో అమెరికన్ మానసిక వైద్యుల సంఘం ఒక ప్రత్యేక రుగ్మతగా గుర్తించింది. అటుపిమ్మట వియత్నాం యుద్ధంలో పాల్గొన్న పురుషులను పరిశీలింపగా, ఆ వ్యాధి స్పానిష్ సంతతివారిలో నూటికి సుమారు 28 మందికి, నల్లజాతివారిలో 21 మందికి, తెల్లజాతి తదితరులలో 14 మందికి ఉన్నట్లు తేలింది. సైనికులందరూ ఒకే యుద్ధం చేసినా, బాధ అందరిలోను సమంగా లేదు. వైద్య సదుపాయం ఒక వర్గానికి అందకపోతే ఎంత నష్టమో ఈ అంకెలను బట్టి ఊహింపవచ్చును.

ఈ చరిత్ర మనకు దూరమైనది కాదు. మన నాచారంలో కార్మికుల కొరకు ఇ.ఎస్.ఐ. ఆసుపత్రి కలదు. సమీపంలోని సైనిక్‌పురి మాజీ సైనికుల కొరకు ఏర్పడిన కాలనీ. మాజీ సైనికుల వైద్యం కొరకు 2003లో ఇ.సి.హెచ్.ఎస్. పథకం ప్రారంభమైంది. పథకాలు ఉన్నను, మనోవ్యథను రోగి తన మాతృభాషలోనే చెప్పుకోగలడు. ఒకరు గుండెదడ అంటారు, ఒకరు బెంగ అంటారు, మరొకరు ఉర్దూలో ఘబరాహట్ అంటారు. ఆ మాటల వెనుకనున్న వేదనను గ్రహింపగల వైద్యుడు, నర్సు, గుమాస్తా కావాలి. ఉర్దూ, తెలుగు రెండూ ఎరిగిన మన విద్యార్థులకు ఆ యోగ్యత సహజంగానే లభించింది.

ఉప్పల్ వీధులలో దరఖాస్తు నింపలేక తికమకపడుతున్న ఒక వృద్ధ సైనికుడో, అతని భార్యయో కనబడినచో, పక్కన కూర్చుండి ఆ కాగితం నింపియిచ్చిన విద్యార్థి గార్సియా చేసిన పనినే చేసినవాడగును.