ప్రాణదాత ఔషధాల స్రష్ట డాక్టర్ యల్లాప్రగడ సుబ్బారావు
(జనవరి 12 జయంతి సందర్భంగా ప్రత్యేక వ్యాసం)

గర్భిణులకు ఆరోగ్య కార్యకర్తలు అందజేసే ఐరన్, ఫోలిక్ ఆమ్లం మాత్రలు, బోదకాలు నివారణకై ఇంటింటా పంచే డి.ఇ.సి. మాత్రలు, క్యాన్సర్ రోగులకు, కీళ్ళవాత పీడితులకు వైద్యులు రాసే మెథోట్రెక్సేట్, పలు అంటువ్యాధులను అదుపు చేసే టెట్రాసైక్లిన్ వర్గపు ఔషధాలు - వీటన్నిటి ఆవిర్భావం వెనుక ఒకే తెలుగు శాస్త్రవేత్త కృషి ఉన్నదంటే ఆశ్చర్యం కలుగక మానదు. ఆయనే డాక్టర్ యల్లాప్రగడ సుబ్బారావు. కోట్లాది మందికి ఆయుష్షు పోసిన ఆయన పేరు మాత్రం జీవితకాలంలో స్వదేశంలో సైతం ఎక్కువమందికి తెలియదు.

బాల్యం - విద్యాభ్యాసం

సుబ్బారావు 1895 జనవరి 12న భీమవరంలో జగన్నాథం, వెంకమ్మ దంపతులకు జన్మించారు. తండ్రి రెవెన్యూ శాఖలో చిరుద్యోగి. ఏడుగురు సంతానంలో సుబ్బారావు నాలుగవవారు. చదువుపై మనసు నిలవక, పదమూడేళ్ళ వయసులో కాశీకి పోయి యాత్రికులకు అరటిపండ్లు అమ్మి ధనం గడించాలని ఇల్లు విడిచి బయలుదేరగా, తల్లి వెనుకకు రప్పించారు. తండ్రి మరణించిన పిమ్మట కుటుంబభారం మోసిన ఆ తల్లి పట్టుదల వల్లనే ఆయన చదువు సాగింది. రెండుసార్లు తప్పిన మెట్రిక్యులేషన్ పరీక్షలో మద్రాసు హిందూ హైస్కూలు నుండి మూడవ ప్రయత్నంలో ఉత్తీర్ణులయ్యారు. ప్రెసిడెన్సీ కళాశాలలో ఇంటర్మీడియట్ ముగించి, మిత్రుల తోడ్పాటుతోను, తరువాత మామగారైన కస్తూరి సూర్యనారాయణమూర్తి సాయంతోను మద్రాసు వైద్య కళాశాలలో చేరారు. 1919లో శేషగిరితో వివాహమైంది.

గాంధీజీ పిలుపు మేరకు శస్త్రచికిత్స తరగతిలోనూ ఖద్దరు దుస్తులు ధరించడం ఆంగ్లేయ ఆచార్యునికి రుచించలేదు. ఫలితంగా ఎం.బి.బి.ఎస్.కు బదులు అంతకు తక్కువదైన ఎల్.ఎం.ఎస్. పట్టాతోనే ఆయన సరిపెట్టుకోవలసి వచ్చింది. ఆ తరువాత మద్రాసులోని ఆయుర్వేద కళాశాలలో శరీర నిర్మాణ శాస్త్రాన్ని బోధించారు.

జీవితాన్ని మలుపు తిప్పిన విషాదం

విద్యార్థి దశలోనే ఆయన సోదరులిద్దరు కొద్దిరోజుల వ్యవధిలో సంగ్రహణి వ్యాధితో కన్నుమూశారు. తిన్న ఆహారం ఒంటబట్టక రోగి క్రమంగా క్షీణించే ఈ జబ్బుకు ఆనాటి వైద్యంలో సరైన మందు లేదు. ఆ దుఃఖమే ఆయనను ఉష్ణమండల వ్యాధుల అధ్యయనం వైపు నడిపించింది. మామగారి ఆర్థిక సహాయానికి కాకినాడలోని మల్లాడి సత్యలింగం నాయకర్ ధర్మసంస్థ చేయూత తోడుకాగా, 1920వ దశకం తొలినాళ్ళలో అమెరికాలోని బోస్టన్ నగరానికి ప్రయాణమయ్యారు. తిరిగి వస్తానని భార్యకు చెప్పి వెళ్ళిన ఆయన మరల స్వదేశం చూడలేదు. ఆయన వెళ్ళాక జన్మించిన కుమారుడు పసితనంలోనే మరణించాడు.

హార్వర్డ్‌లో పరిశోధనలు

బోస్టన్‌లో ఆసుపత్రిలో రాత్రివేళ చిన్న కొలువు చేస్తూ ఉష్ణమండల వైద్యంలో డిప్లొమా పొందారు. అనంతరం హార్వర్డ్ జీవరసాయన శాఖలో సైరస్ ఫిస్క్‌తో కలిసి పనిచేశారు. రక్తంలోను, మూత్రంలోను భాస్వరాన్ని కొలిచేందుకు 1925లో వారు రూపొందించిన విధానం ఫిస్క్-సుబ్బారావు పద్ధతిగా ప్రసిద్ధి కెక్కింది. కండరాలలోని ఫాస్ఫోక్రియాటిన్‌ను 1927లో గుర్తించారు. కండరాల పనితీరుకు లాక్టిక్ ఆమ్లమే మూలమన్న నాటి ప్రబల సిద్ధాంతానికి ఇది గండి కొట్టింది. జీవకణాలకు శక్తినిచ్చే ఎ.టి.పి.ని 1929లో వేరుపరచారు. అదే కాలంలో జర్మనీలో కార్ల్ లోమన్ కూడా స్వతంత్రంగా ఈ పదార్థాన్ని కనుగొన్నారు. 1930లో సుబ్బారావుకు పిహెచ్.డి. లభించింది. ఇంత సాధించినా హార్వర్డ్‌లో స్థిరమైన ఉద్యోగం దక్కలేదు. దానితో 1940లో న్యూయార్క్ రాష్ట్రం, పెర్ల్ రివర్‌లోని లెడర్లీ ప్రయోగశాలలో చేరి, అనతికాలంలోనే పరిశోధన విభాగానికి సంచాలకులయ్యారు.

ఔషధాల ఆవిష్కరణ

ఆకుకూరలలోను, కాలేయంలోను స్వల్పంగా లభించే ఫోలిక్ ఆమ్లాన్ని 1945లో సుబ్బారావు నేతృత్వంలోని బృందం ప్రయోగశాలలో తయారు చేసింది. ఒక రకమైన రక్తహీనతకు అది దివ్యౌషధమైంది. అంతకు మించి, సంగ్రహణి రోగులకు ఫోలిక్ ఆమ్లం ఇవ్వగా వారు కోలుకున్నారు. సోదరులను బలిగొన్న వ్యాధికి, వారు గతించిన పాతికేళ్ళ పైచిలుకుకు, ఆయన ప్రయోగశాల నుండే మందు వెలువడింది.

ఫోలిక్ ఆమ్లం రక్తకణాల వృద్ధికి అవసరం. అట్లయితే దాని పనిని అడ్డగించే పదార్థంతో రక్త క్యాన్సర్ కణాల వృద్ధిని అరికట్టవచ్చునన్న ఆలోచన కలిగింది. లెడర్లీలో తయారైన అమినోప్టెరిన్‌ను బోస్టన్ బాలల ఆసుపత్రి వైద్యుడు సిడ్నీ ఫార్బర్ రక్త క్యాన్సర్ సోకిన చిన్నారులకు ఇచ్చారు. 16 మందిలో 10 మందికి వ్యాధి ఉపశమించినట్లు 1948లో ప్రకటించారు. ఆ ఉపశమనం తాత్కాలికమే అయినా, ఔషధంతో క్యాన్సర్‌ను ఎదుర్కొనవచ్చునని అది నిరూపించింది. దాని సోదర ఔషధమే మెథోట్రెక్సేట్.

దోమకాటు ద్వారా వ్యాపించే బోదకాలు గోదావరి, కృష్ణా తీర ప్రజలకు తరతరాల శాపం. రక్తంలో సంచరించే ఈ వ్యాధి పురుగు పిల్లలను నశింపజేసే డైఇథైల్ కార్బమజిన్‌ను 1947లో సుబ్బారావు బృందం వెలువరించింది. 2004లో భారతదేశంలో ప్రారంభమైన సామూహిక ఔషధ పంపిణీలో ఈ మందే ప్రధానమైంది.

వృక్ష శాస్త్రవేత్త బెంజమిన్ డగ్గర్‌ను లెడర్లీలో మట్టి నమూనాల పరిశీలనకు ప్రోత్సహించినదీ ఆయన విభాగమే. మిస్సోరీ విశ్వవిద్యాలయ క్షేత్రపు మట్టిలోని సూక్ష్మజీవి నుండి డగ్గర్ సాధించిన, బంగారు వన్నెగల ఆరియోమైసిన్, టెట్రాసైక్లిన్ వర్గంలో మొట్టమొదటిది. పెన్సిలిన్‌కు లొంగని పలు వ్యాధులపై అది పనిచేసింది. దీనిని 1948 జూలైలో వైద్యలోకానికి పరిచయం చేశారు.

అస్తమయం - గుర్తింపు

మరుసటి నెలలోనే, 1948 ఆగస్టులో, సుబ్బారావు నిద్రలోనే గుండెపోటుతో మరణించారు. అప్పటికి ఆయన వయసు 53 ఏళ్ళు. దశాబ్దాలు గడిపిన దేశపు పౌరసత్వాన్ని ఆయన స్వీకరించలేదు. పరిశోధన ఫలితాలను సహచరుల పేర్ల మీదనే వెలువడనిచ్చి, తాను వెనుక నిలిచారు. ఒక శిలీంధ్రానికి సుబ్బారోమైసిస్ అని ఆయన పేరు పెట్టడం, శతజయంతి సంవత్సరమైన 1995లో భారత తపాలా శాఖ స్మారక బిళ్ళ విడుదల చేయడం ఆలస్యంగా దక్కిన గౌరవాలు.

ఆయన ప్రయోగశాల మందులు వైద్యుని సలహాపై, సరియైన మోతాదులో వాడినపుడే ప్రాణం నిలుపుతాయి. వారానికి ఒకసారి వేసుకోవలసిన మెథోట్రెక్సేట్‌ను పొరపాటున ప్రతిదినం వాడితే ప్రాణాపాయం. సూక్ష్మజీవినాశక మందులను ఇష్టానుసారం వాడితే క్రిములు వాటికి లొంగకుండా పోతాయి. జీవితాంతం కొలత తప్పని శాస్త్రవేత్త శ్రమించి సాధించిన మందును కొలత తప్పకుండా వాడడమే ఆయనకు మనం అర్పించగల నిజమైన నివాళి.